ఒక ఫ్రిగేటా, ఎనిమిది చిన్న ఓడలా: టేబుల్ గేమ్‌లో తేలిన లెక్క

నేపథ్యం

నౌకాదళంలో ఇరవై రెండేళ్లు చేసి బయటికొచ్చాను. అందులో ఎక్కువ కాలం ఓడల మీదే. చివరి కొన్నేళ్లు మాత్రం ఒడ్డున కూర్చుని లెక్కలు చూశాను. ఇప్పుడు విశాఖలో ఉంటూ, శిక్షణ సంస్థలు పిలిచినప్పుడు టేబుల్ గేములు ఆడిస్తుంటాను. ఇది కంప్యూటర్ ఆట కాదు. పెద్ద బల్ల మీద సముద్రపు చార్టు పరుస్తాం. ఓడలకు బదులు చెక్క బిళ్లలు పెడతాం. రెండు జట్లు రెండు గదుల్లో కూర్చుంటాయి. ఒక గదికి రెండో గది సంగతి తెలియదు. మధ్యలో అంపైర్‌గా నేను తిరుగుతుంటాను. ఒక్కో ఎత్తుకు ఆరు గంటల సముద్రకాలం గడిచినట్టు. పాచికలు కూడా ఉంటాయి. అందుకే మా ఆవిడ దీన్ని పెద్దవాళ్ల వైకుంఠపాళి అంటుంది.

ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక గేమ్ గురించి. సంస్థ పేరు, తేదీలు, మనుషుల గుర్తులు తీసేశాను. ఒకరిద్దరి హోదాలు మార్చాను. శత్రుదేశానికి గేమ్‌లోనే పేరు లేదు. బంగాళాఖాతం చార్టు మాత్రం అసలుదే. గేమ్‌లో వాడిన పాయింట్లు నేను పెట్టినవి, అవి ఏ ఓడ ధరా కాదు.

నీలం జట్టులో ఐదుగురు. లీడర్, ఇంజనీర్, లాజిస్టిక్స్ చూసే మేడమ్, గన్నరీ వైపు కుర్రాడు ఒకడు, ఇంకో నావిగేటర్. ఎర్ర జట్టులో ఇద్దరే. నాకు సాయంగా మాస్టర్ చీఫ్‌గా రిటైరైన ఒక పెద్దాయన వస్తుంటారు. శ్రీకాకుళం తీరం మనిషి. సర్వీసంతా సోనార్ ముందే గడిపారు, అంటే నీళ్లలో శబ్దంతో జలాంతర్గాముల్ని పట్టే పరికరం ముందు. నన్ను ఇప్పటికీ ‘సార్’ అనే పిలుస్తారు, నేను ఆయన్ని ‘చీఫ్ గారు’ అంటాను.

వాళ్లు తెచ్చిన ప్రశ్న

సంస్థ అడిగింది ఒక పేజీ సిఫారసు. ఒక పెద్ద ఫ్రిగేట్‌కు, అంటే దూర సముద్రంలో తిరిగే యుద్ధనౌకకు, సరిపడా డబ్బుంది. దాంతో ఒక ఫ్రిగేట్ కొనాలా, చిన్న ఎస్కార్ట్ ఓడలు ఎనిమిది కొనాలా? ఎస్కార్ట్ అంటే సరుకు ఓడలకు, ట్యాంకర్లకు తోడుగా వెళ్లి కాపలా కాసే యుద్ధనౌక.

ఎనిమిది అన్న అంకె లీడర్ తెచ్చిందే. ఆయన లెక్క ఇది. ప్రాజెక్ట్ 17ఏ కింద కట్టిన నీలగిరి తరగతి ఫ్రిగేట్లు ఏడు. మొత్తం ప్రాజెక్టు ఖర్చు సుమారు 45,000 కోట్లు. అంటే ఒక్కోటి 6,400 కోట్ల పైమాట. ఇంకోపక్క లోతు తక్కువ నీళ్లలో జలాంతర్గాముల్ని వేటాడే అర్నాలా తరగతి ఓడలు ఉన్నాయి. కోల్‌కతా యార్డుకు 2019లో ఇచ్చిన కాంట్రాక్టు ఎనిమిదింటికి సుమారు 6,311 కోట్లు. ఒక్కోటి 790 కోట్ల లోపే. భాగిస్తే ఎనిమిది.

“ఒక బిళ్ల మునిగితే ఇంకా ఏడు ఉంటాయి సర్. ఫ్రిగేట్ మునిగితే ఏం ఉంటుంది?” అని లీడర్ మొదటి రోజే తేల్చేశాడు.

గన్నరీ కుర్రాడిది దానికి పూర్తిగా ఎదురు వాదన. “ఖుక్రిని మర్చిపోయారా సర్?” అన్నాడు. గదిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు.

ఖుక్రి గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఈ కేసంతా దాని చుట్టూనే తిరిగింది. అది బ్రిటన్ 1950లలో తయారుచేసిన టైప్ 14 ఫ్రిగేట్. పెద్ద ఫ్రిగేట్లు ఖరీదైపోయాయి, యుద్ధం వస్తే కాన్వాయ్‌లకు చాలినన్ని ఉండవు అని ఆలోచించి తీసుకొచ్చిన చిన్న, చవక ఎస్కార్ట్. సుమారు 1,200 టన్నులు. పెద్దదాని యంత్రాల్లో సగం, ఒకటే ప్రొపెల్లర్. జలాంతర్గామి మీద వేయడానికి లింబో మోర్టార్లు, ఆకాశం వైపు మూడు 40 ఎంఎం బోఫోర్స్ తుపాకులు. బ్రిటన్ తనకు పన్నెండు కట్టుకుంది, మనకు మూడు కట్టిచ్చింది. ఖుక్రి, కృపాణ్, కుఠార్. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో ఖుక్రి మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు, మొత్తం 194 మంది పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతో పాటే వెళ్లిపోయారు.

అంటే ఈ గదిలో వాళ్లు అడుగుతున్న ప్రశ్న కొత్తదేం కాదు. డెబ్బై ఏళ్ల క్రితం ఒక దేశం అడిగి, జవాబు చెప్పి, ఓడలు కట్టి, మనకు అమ్మింది కూడా. జలాంతర్గామిని వేటాడడానికే పుట్టిన చవక ఓడని జలాంతర్గామే ముంచింది.

ఇక్కడ నాకొక అనుమానం వచ్చి నోట్‌బుక్‌లో రాసుకున్నాను: లీడర్ మనసులో ఉన్న ఓడ, కుర్రాడి మనసులో ఉన్న ఓడ ఒకే పని చేస్తున్నాయా? అప్పటికి గట్టిగా అడగలేదు. అడిగితే ఇద్దరూ వాదనలోకే దిగుతారు. బల్ల మీద ఓడిపోతే వాళ్లకే తెలుస్తుందనుకున్నాను.

ఇంజనీర్ మాత్రం మొదటి రోజే ఒక మంచి మాటన్నాడు. ఆ రెండు అంకెలూ ఒకే తరహావి కావు సర్, 45,000 కోట్లు మొత్తం ప్రాజెక్టు ఖర్చు, 6,311 కోట్లు యార్డుతో కాంట్రాక్టు విలువ. ఒకటి పెళ్లి ఖర్చు, ఇంకోటి పందిరి ఖర్చు, రెండూ భాగిస్తే ఏం వస్తుంది అన్నాడు. అందరూ నవ్వేసి ముందుకెళ్లిపోయారు. నేనూ ఆపలేదు. ఆపాల్సింది.

గేమ్ పరిస్థితి: పద్నాలుగు రోజులు. అండమాన్ల వైపు నుంచి నాలుగు ట్యాంకర్లు విశాఖ చేరాలి. ఎర్ర జట్టు దగ్గర డీజిల్ జలాంతర్గాములు రెండు, దూరం నుంచి వదిలే డ్రోన్లు కొన్ని. నీలం జట్టుకు ముందే ఉన్నవి రెండు పాత ఫ్రిగేట్లు. వాటికి తోడు కొత్తగా ఏం కొనాలన్నదే ప్రశ్న. డబ్బు 80 పాయింట్లు. కొత్త ఫ్రిగేట్ 80, చిన్న ఓడ 10.

మొదటి ప్రయత్నం: ఎనిమిదీ చిన్నవే

లీడర్ ఎనిమిది బిళ్లలూ తీసుకున్నాడు. పాత ఫ్రిగేట్లను హార్బర్ దగ్గర వెనక కాపలాకు పెట్టి, చిన్నవాటిని జతలుగా ట్యాంకర్లకు తోడు పంపాడు. ఆయన తర్కం తప్పని అనలేను. కాన్వాయ్ చుట్టూ ఎక్కువ ఓడలుంటే జలాంతర్గామి దగ్గరికి రావడం కష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్‌ను నిలబెట్టింది ఫ్లవర్ తరగతి కార్వెట్లే (ఫ్రిగేట్ కంటే చిన్న యుద్ధనౌకలు) కదా, అవేం గొప్ప ఓడలు అన్నాడు. నిజమే. తిమింగలాల వేట పడవ నమూనా మీద కట్టినవి. వేగం 16 నాట్లు, అంటే గంటకు 16 నాటికల్ మైళ్లు. నీటిపైకి తేలిన జర్మన్ జలాంతర్గామి అంతకంటే ఒక నాట్ ఎక్కువే పరిగెత్తేది. అయినా పని జరిగింది.

మూడో రోజు ఆయిల్ లెక్క తగిలింది. అర్నాలా లాంటి ఓడ ఒకసారి నింపుకుంటే 1,800 నాటికల్ మైళ్లు వెళ్తుంది. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 650 నాటికల్ మైళ్లు. వెళ్లి రావడానికే 1,300 అయిపోతాయి. మిగిలేది 500. ఎస్కార్ట్ ఓడ గీత గీసినట్టు తిన్నగా వెళ్లదు. ట్యాంకర్ ముందు అటూ ఇటూ తిరగాలి. అనుమానం వస్తే పూర్తి వేగంతో పరిగెత్తాలి. అలా పరిగెత్తినప్పుడు ఆయిల్ రెండింతలు, మూడింతలు తాగుతుంది. మూడో రోజు సాయంత్రానికి రెండు బిళ్లలు ట్యాంకర్‌ను వదిలేసి వెనక్కి తిరగాల్సి వచ్చింది.

నాలుగో రోజు ఎర్ర జట్టు డ్రోన్లు వదిలింది. ఒడ్డుకు మూడు వందల యాభై మైళ్ల దూరంలో. చిన్న ఓడ మీద ఉన్నది ఒక తుపాకీ. అది తనను తాను కాపాడుకోవడానికి పనికొస్తుంది గానీ మూడు మైళ్ల అవతల ఉన్న ట్యాంకర్‌కు గొడుగు పట్టలేదు. పాచిక వేశాం. ట్యాంకర్ కాలిపోయింది.

కాలుతున్న ట్యాంకర్ దగ్గర ఇంకో విషయం బయటపడింది, నేను ముందు అనుకోనిది. 2024 జనవరిలో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్ గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మిసైల్ తగిలి కాలుతుంటే ఫ్రిగేట్ కంటే పెద్దదైన మన డిస్ట్రాయర్ ఐఎన్ఎస్ విశాఖపట్నం వెళ్లింది. ఆ ట్యాంకర్లో 22 మంది మనవాళ్లు, ఒక బంగ్లాదేశీ ఉన్నారు. డిస్ట్రాయర్ నుంచి పది మంది మంటలార్పే బృందం ఎక్కి గంటల తరబడి పోరాడింది. చిన్న ఓడలో మొత్తం సిబ్బంది 57. అందులోంచి పది మందిని యుద్ధం మధ్యలో పక్క ఓడకు పంపితే మిగతా ఓడను నడిపేదెవరు? లాజిస్టిక్స్ మేడమ్ ఈ ప్రశ్న అడిగారు. లీడర్ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

రెండో ప్రయత్నం: చిన్నదానికే అన్నీ తగిలిద్దాం

ఇది ఎప్పుడూ జరిగేదే. ఓడిన జట్టు ఓడను మార్చదు, ఓడకు సామాన్లు తగిలిస్తుంది. డ్రోన్లు కొట్టాయా, అయితే మిసైళ్లు పెట్టండి. మిసైళ్లకు మంచి రాడార్ కావాలి. రాడార్ పైన పెడితే ఓడ పైభాగం బరువెక్కి ఊగుతుంది, అందుకని ఓడను పొడుగు చెయ్యాలి. పొడుగు చేస్తే ఇంజన్లు చాలవు. కరెంటు చాలదు. ఆ పెట్టెలన్నీ చూసుకునే మనుషులకు పడకలు కావాలి. ఇంజనీర్ ఒక్కో వస్తువుకు బోర్డు మీద పాయింట్లు రాస్తూ పోయాడు. భోజనానికి లేచే టైముకి పది పాయింట్ల ఓడ ముప్ఫై నాలుగైంది.

“సర్, ఇప్పుడు 80కి రెండే వస్తున్నాయి” అన్నాడు. ఆ గొంతులో కొంచెం సంతోషం కూడా ఉందని నా అనుమానం.

బయట కూడా ఇదే కథ. కార్వెట్ అని పిలిచే మన కమోర్తా తరగతి ఓడలు 109 మీటర్ల పొడవు, 3,000 టన్నుల పైచిలుకు. ఫ్రిగేట్ అని పిలిచిన ఖుక్రి అందులో సగం కూడా లేదు. పేరు చూసి చిన్నది, పెద్దది అనుకోకూడదు. అమెరికా లిటోరల్ కాంబాట్ షిప్ (తీరానికి దగ్గర్లో పోరాడే చిన్న ఓడ) అని మొదలుపెట్టినప్పుడు ఒక్కోటి 22 కోట్ల డాలర్లకు వస్తుందన్నారు. రెట్టింపు దాటిపోయింది. జలాంతర్గాముల వేటకని దానికోసం అనుకున్న సామగ్రిని చివరికి రద్దే చేశారు. తర్వాత, ఇటలీ-ఫ్రాన్స్ ఫ్రెమ్ నమూనా తీసుకుంటే కొత్తగా కనిపెట్టేదేం ఉండదనుకుని 2020లో కాన్‌స్టెలేషన్ ఫ్రిగేట్‌కు ఆర్డరిచ్చారు. అసలు నమూనాతో 85 శాతం కలుస్తుందన్నది, మార్పులు చేసీ చేసీ 15 శాతం లోపుకు వచ్చింది. మా గేమ్ అయిపోయాక, 2025 నవంబరులో, మొదటి రెండూ తప్ప మిగతావి వద్దనుకున్నట్టు వార్త వచ్చింది. లీడర్ ఆ లింకును నాకు పంపి కింద ఒకే మాట రాశాడు: “ముప్ఫై నాలుగు.”

ఈ దశలో నేను తీసుకున్న నిర్ణయం చెప్పాలి. అంపైర్‌గా నేను ఆపి, ఇలా తగిలించుకుంటూ పోవద్దు అనొచ్చు. అనలేదు. ఆ రెండు ముప్ఫై నాలుగు పాయింట్ల ఓడలతోనే ఆడనిచ్చాను. ట్యాంకర్లు మూడు చేరాయి, ఒకటి పోయింది. ఫర్వాలేదు అనిపించే ఫలితం. అదే దాని ప్రమాదం. అటు ఫ్రిగేట్ బలమూ లేదు, ఇటు ఎక్కువ ఓడల లాభమూ లేదు. అయినా సిఫారసు రాసే కమిటీలకు అలాంటి మధ్యస్థపు ఓడే నచ్చుతుంది. ఎవరికీ కోపం రాదు కదా.

మూడో ప్రయత్నం: కుర్రాడి ఫ్రిగేట్

న్యాయంగా ఉండాలని గన్నరీ కుర్రాడికీ అవకాశమిచ్చాను. ఒక కొత్త ఫ్రిగేట్, రెండు పాతవి. మూడింటినీ ట్యాంకర్ల వెంట పంపాడు. డ్రోన్లన్నీ కూలాయి. హెలికాప్టర్ ఒక జలాంతర్గామిని దూరంగా తరిమేసింది. ట్యాంకర్లు బంగాళాఖాతం మొత్తం క్షేమంగా దాటాయి. కుర్రాడు కాలర్ ఎగరేశాడు.

మొదటి ట్యాంకర్ విశాఖ హార్బర్‌కు పన్నెండు మైళ్ల దూరంలో మునిగింది.

ఎర్ర జట్టు రెండో జలాంతర్గామిని నాలుగు రోజుల క్రితమే అక్కడికి తెచ్చి, అడుగున కూర్చోబెట్టి, కదలకుండా ఉంచింది. ఫ్రిగేట్లు మూడూ సముద్రంలో ఉన్నాయి, గుమ్మం దగ్గర ఎవరూ లేరు. విశాఖ వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన హార్బర్ బయటే. అది వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు ఉంది. ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల కథలూ వేరు. మనవాళ్లు చెప్పేదాని ప్రకారం ఆ రాత్రి డెప్త్ చార్జీలు, అంటే నీళ్ల లోపల పేలే బాంబులు, వేసింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్. అప్పటికే ముసలి ఓడ, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. గుమ్మం ముందు ఉన్నది అదే, పనికొచ్చింది అదే.

చీఫ్ గారి అభ్యంతరం

మూడు గేములూ అయ్యాక టీ తాగుతుంటే చీఫ్ గారు నా సోనార్ టేబుల్ తీసుకుని చూస్తున్నారు. ఏ ఓడ సోనార్ ఎంత దూరం వింటుందో నేను రాసుకున్న కాగితం. చిన్న ఓడకు ఇన్ని మైళ్లు, ఫ్రిగేట్‌కు ఇన్ని మైళ్లు, అంతే.

“సార్, ఇది పొద్దున్న టేబులా, మధ్యాహ్నం టేబులా?”

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత సిగ్గేసింది.

నీళ్లలో శబ్దం తిన్నగా పోదు. వేడి నీళ్లలో వేగంగా, చల్లటి నీళ్లలో నెమ్మదిగా వెళ్తుంది, నెమ్మదిగా ఉన్న వైపుకు వంగుతుంది. ఎండ ఎక్కేకొద్దీ సముద్రం పై పొర వేడెక్కుతుంది. గాలి లేని మధ్యాహ్నం అయితే మరీను. ఓడ అడుగున బిగించిన సోనార్ వదిలిన శబ్దం కొంచెం దూరం పోయి కిందికి వంగిపోతుంది. ఆ వంపు అవతల జలాంతర్గామి హాయిగా ఉంటుంది. 1930లలో అమెరికా వాళ్లు క్యూబా దగ్గర దీన్ని గమనించారు. పొద్దున బాగా పనిచేసే సోనార్ మధ్యాహ్నం ఎందుకు చెవిటిదవుతోందో తెలియక, మొదట ఆపరేటర్లు అన్నం తిని కునుకు తీస్తున్నారని అనుకున్నారట. బంగాళాఖాతంలో ఇంకో తిరకాసు ఉంది. వానాకాలం తర్వాత గంగ, మహానది, గోదావరి, కృష్ణ నీళ్లు ఉప్పు తక్కువ పొరగా పైన తేలుతుంటాయి. ఒక చోట పనికొచ్చిన లెక్క యాభై మైళ్ల అవతల పనికిరాదు.

“చవక ఓడ, ఖరీదు ఓడ తర్వాత సంగతి సార్. సోనార్ పైనే ఉందా, తాడేసి కిందికి దించుతారా? దించకపోతే మధ్యాహ్నం రెండు గంటలకు ఆ రెండు ఓడలూ ఒకటే.”

ఖుక్రి విషయంలో కూడా చాలామంది రాసింది ఇదే. హంగోర్ సోనార్ దీనికంటే చాలా దూరం నుంచి విన్నది. ఖుక్రి తన సోనార్‌కు చేసిన కొత్త మార్పును పరీక్షిస్తూ, బాగా వినబడడం కోసం వేగం తగ్గించి నడుస్తోంది. అంటే దాన్ని ముంచింది చిన్నదనం ఒక్కటే కాదు. ముందు ఎవరు ఎవర్ని విన్నారన్నది అసలు విషయం. కుర్రాడు ఇది విని చాలాసేపు ఏం మాట్లాడలేదు.

నేను టేబుల్ మార్చాను. రోజుకు నాలుగు ఎత్తులు కదా, మధ్యాహ్నం ఎత్తులో ఓడ అడుగున బిగించిన సోనార్ దూరాన్ని సగానికి తగ్గించాను. కిందికి దించే సోనార్‌కు మూడు పాయింట్లు ధర పెట్టాను. పాత గేముల్ని ఆ టేబుల్‌తో మళ్లీ నడిపిస్తే మొదటి ప్రయత్నం ఇంకా ఘోరంగా పోయింది. కుర్రాడి ఫ్రిగేట్లలో కూడా ఒకటి పోయింది.

పనిచేసిన పద్ధతి

మలుపు తిప్పింది మేడమ్. ఆవిడ చార్టు మీద పెన్సిల్‌తో రెండు గీతలు గీశారు. హార్బర్ నుంచి వంద మైళ్ల లోపలంతా గుమ్మం. అక్కణ్ణుంచి నాలుగు వందల మైళ్ల దాకా వీధి. ఆ అవతల హైవే. “గుమ్మం దగ్గర పడుకునే కుక్కని హైవే మీద లారీ వెంట పరిగెత్తిస్తున్నాం సర్” అన్నారు. లీడర్ మనసులో ఉన్నది గుమ్మం ఓడ, కుర్రాడి మనసులో ఉన్నది హైవే ఓడ. రెండు రోజులుగా ఒకే పేరు పెట్టి రెండింటి గురించి కొట్టుకున్నారు.

తర్వాత ఆవిడే ఇంకో పని చేశారు. ఓడల్ని లెక్కపెట్టడం మానేసి, ఓడ-రోజుల్ని లెక్కపెట్టారు. పద్నాలుగు రోజుల్లో గుమ్మం దగ్గర ఎన్ని రోజులు కనీసం రెండు ఓడలు ఉండాలి? పద్నాలుగూ. అంటే 28 ఓడ-రోజులు. ఎనిమిది ఓడలు కొంటే ఎనిమిదీ సముద్రంలో ఉండవు. ఒకటి డాక్‌యార్డులో రీఫిట్‌లో ఉంటుంది, ఒకటి స్పేర్ పార్టు కోసం ఎదురుచూస్తుంటుంది, ఒకదాని సిబ్బంది కొత్తవాళ్లు. ఓడల మీద పనిచేసిన ఎవర్ని అడిగినా చెప్తారు, ఎనిమిదిలో ఐదు దొరికితే మంచి రోజు.

మనుషుల లెక్క కూడా ఆవిడే వేశారు. ఎనిమిది ఓడలు, 57 చొప్పున 456 మంది. అందులో ఓడకు ఏడుగురు అధికారులు అంటే 56 మంది. ఒక ఫ్రిగేట్‌కు రెండు వందల పైచిలుకు మనుషులు చాలు. ఎనిమిది చవక ఓడలు కొంటే జీతాల బిల్లు రెట్టింపు. పైగా ఎనిమిది మంది కమాండింగ్ ఆఫీసర్లు కావాలి, వాళ్లను తయారు చేయడానికి పదేళ్లు పడుతుంది. ఇంజనీర్ అన్న పందిరి ఖర్చు, పెళ్లి ఖర్చు తేడా అప్పుడు అందరికీ అర్థమైంది.

నాలుగో గేమ్‌కు వాళ్లు కొన్నది ఇది. చిన్న ఓడలు ఐదు, 50 పాయింట్లు. ఐదింటికీ కిందికి దించే సోనార్, 15. మిగిలిన 15 స్పేర్లకు, ఒడ్డున మరమ్మతుకు, అదనపు సిబ్బందికి. మిసైళ్లు లేవు, హెలికాప్టర్ హ్యాంగర్ లేదు. లీడర్ ఒక కాగితం మీద ‘ఈ ఓడకు పెట్టకూడనివి’ అని తొమ్మిది వస్తువులు రాసి, కింద సంతకం చేసి గోడకు అంటించాడు. రాడార్ పెద్దది చేద్దామా అని కుర్రాడు అడిగినప్పుడల్లా వేలు గోడ వైపు చూపించాడు. నా ఉద్దేశంలో ఈ కేసులో అన్నిటికంటే విలువైన కాగితం అదే. చవక ఓడను చవకగా ఉంచేది యార్డు కాదు, వద్దు అని సంతకం పెట్టి దాని మీద నిలబడే మనిషి.

గుమ్మం పని చిన్న ఓడలు చూసుకోవడంతో రెండు పాత ఫ్రిగేట్లకూ హార్బర్ కాపలా తప్పింది. రెండూ హైవే మీద ట్యాంకర్ల వెంట వెళ్లాయి. వీధిలో, అంటే వంద నుంచి నాలుగు వందల మైళ్ల మధ్యలో, కాపలా అప్పగింతలు జరిగాయి. మొత్తం కష్టం అక్కడే వచ్చింది. పదకొండో రోజు ఒక అప్పగింత నాలుగు గంటలు ఆలస్యమైంది. ఆ నాలుగు గంటల్లోనే ట్యాంకర్‌కు టార్పెడో తగిలింది, మునగలేదు, ఈడ్చుకొచ్చారు. నాలుగు ట్యాంకర్లూ చేరాయి. గుమ్మం దగ్గర కాచుకున్న జలాంతర్గామిని రెండు చిన్న ఓడలు కలిసి రెండు రోజులు తరిమి బ్యాటరీ అయిపోయేలా చేశాయి. అది ఒక రాత్రి గాలి కోసం పైకి రాక తప్పలేదు.

మేము గెలిచాం అని లీడర్ చప్పట్లు కొడుతుంటే ఒక పరీక్ష పెట్టాను. ముందు నుంచీ ఉన్న ఆ రెండు పాత ఫ్రిగేట్లను తీసేసి, అదే ఐదు చిన్న ఓడలతో మళ్లీ ఆడమన్నాను. రెండు ట్యాంకర్లు పోయాయి, రెండూ హైవే మీదే. అంటే ఆ ఐదు చిన్న ఓడల విలువ వాటిలో లేదు. అవి ఎవరికి తీరిక ఇచ్చాయన్న దాంట్లో ఉంది. పెద్ద ఓడలు అసలే లేని దళానికి నేనైతే మొదట ఫ్రిగేటే కొనమంటాను. ఉన్న పెద్ద ఓడలు గుమ్మం దగ్గర ఇరుక్కుపోయిన దళానికి చిన్నవి కొనమంటాను. మన దళం రెండు రకాలూ కడుతోంది. 2025 జూన్ 18న అర్నాలా విశాఖలోనే చేరింది. ఆగస్టు 26న ఉదయగిరి, హిమగిరి ఫ్రిగేట్లు రెండూ ఇక్కడే చేరాయి. ఏది ఎన్ని అన్నది నాలాంటివాడు చెప్పేది కాదు.

సిఫారసు పేజీ, దాని వెనక పేజీ

సిఫారసు ఒక పేజీలోనే రాశారు. ‘చిన్నవి కావాలా’ అన్న ప్రశ్నను కొట్టేసి, ‘గుమ్మం దగ్గర రోజుకు రెండు ఓడలు నిలబెట్టడానికి అన్నిటికంటే తక్కువ ఖర్చేది’ అని మార్చి రాశారు. సంస్థకు మొదట నచ్చలేదు. అడిగిన దానికి జవాబివ్వలేదన్నారు. లీడర్ వెళ్లి గంటసేపు మాట్లాడి ఒప్పించాడు. మొదటి రోజు ఎనిమిది, ఎనిమిది అన్న మనిషే.

చీఫ్ గారు మాత్రం ఒప్పుకోలేదు. వెనక పేజీలో తన మాటలు వేరుగా రాయించారు. ఎన్ని సోనార్లు దించినా, టార్పెడో తగిలితే ఆ సైజు ఓడ నిమిషాల్లో పోతుంది, లోపల ఉన్నవాళ్లకు పైకి రావడానికి టైముండదు, గేమ్‌లో బిళ్ల పక్కన పెట్టినంత సులువు కాదు, అది కూడా పాయింట్లలో వెయ్యండి అన్నారు. నేను వెయ్యలేకపోయాను. ఎన్ని పాయింట్లు వెయ్యాలి? లీడర్ నూట తొంభై నాలుగు అన్నాడు, మెల్లగా. కుర్రాడు తల తిప్పుకున్నాడు.

ఆ వెనక పేజీని అలాగే పంపాం.

టేబుల్ మాత్రం మార్చేశాను. ఇప్పుడు నా గేముల్లో మొదటి ఎత్తు మధ్యాహ్నం రెండు గంటలకు, గాలి లేని రోజున మొదలవుతుంది. ఎవరైనా ఎందుకని అడిగితే చీఫ్ గారి వైపు చూపిస్తాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి మొదలుపెడతారు.